లీలమ్మ ఇంటి చూపులు

"తలుపు పూర్తిగ తెరువకు బిడ్డా! బిందెలు పడ్తయి!"

లోపల్నుంచి లీలమ్మ కేక విని, ఖుష్బూ తలుపు మీద వేసిన చెయ్యి అక్కడే ఆపేసింది. సందులోంచి తల మాత్రం లోపలికి పెట్టి చూసింది. చూశాక ఆ తలను వెనక్కి తీసుకోవాలన్న సంగతి కూడా మరిచిపోయింది.

ముందుగదిలో గోడలు లేవు. గోడలున్న చోటల్లా సామాన్లే ఉన్నాయి. ఇత్తడి బిందెలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి పైకప్పును తాకుతున్నాయి. అరల నిండా స్టీలు గిన్నెలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా నిలబడ్డాయి. రాగి కాగులు, గంగాళాలు, తాంబాళాలు, ఏ శుభకార్యానికి ఎవరు పెట్టారో పేరు చెక్కించుకున్న పళ్ళేలు, అన్నీ చింతపండుతో తోమించుకుని తళతళలాడుతున్నాయి.

అంతా బాగానే ఉంది. కాకపోతే ఆ ఇల్లు కొనేవాళ్ళు సాయంత్రం నాలుగింటికి చూడ్డానికి వస్తున్నారు. ఇప్పుడు పదకొండు.

"ఎట్లున్నది?" అంది లీలమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. రెండు రోజులుగా తోమి తోమి ఆమె వేళ్ళు నల్లబడ్డాయి గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. "నువ్వు చెప్పినట్లే చేసిన. సజ్జ మీదియి గూడ దింపిన. ఒక్క చెంచ మిగల్లేదు."

"నేను... చెప్పినట్లా చాచీ?"

"నువ్వే గద అంటివి ఆదివారం? 'చాచీ, మీ సామాన్లు గింత అందంగ ఉన్నయి, వచ్చినోళ్ల కండ్లన్నీ వాటి మీదనే ఉంటయి' అని. గందుకే ఇగ ఏదీ దాచలేదు."

అన్నది నిజమే. వచ్చిన చిక్కంతా అదే.

ఖుష్బూది ఎదురిల్లు. పుట్టిన దగ్గర్నుంచి లీలమ్మ చేతి సకినాలు తిని పెరిగిన పిల్ల. ఇప్పుడు ఇళ్ళు అమ్మిపెట్టే ఒక ఆఫీసులో పని చేస్తోంది. అమ్మకానికి పెట్టిన ఇంటిని చూసేవాళ్ళ కంటికి ఇంపుగా సర్దించడం ఆమె ఉద్యోగం. చేరిన మొదటి రోజే ఆ ఆఫీసులో ఒక మాట నేర్పారు. ఇంటివాళ్ళ వస్తువుకు వంక పెట్టకూడదు, ఏది తీసెయ్యాలన్నా ముందు మెచ్చుకుని తియ్యగా చెప్పాలి. ఖుష్బూ ఆ పాఠం ఎంత బాగా నేర్చుకుందంటే, ఆమె తీసెయ్యమన్నదని ఇంతవరకూ ఎవరికీ అర్థం కాలేదు.

"నాది గూడ చూడు బిడ్డా," అన్నాడు రాజన్న, లీలమ్మ భర్త. ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇవాళ దీనికోసమే సెలవు పెట్టాడు.

ఖుష్బూ చూసింది. పదిహేనేళ్ళుగా కదలని పాత స్కూటరు ఒకటి గది నడిమధ్య, సరిగ్గా తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. కడిగి, తుడిచి, మెడలో బంతిపూల దండ వేశారు.

"'చాచా, గీ బండి ముందట ఎవరైన నిలబడిపోతరు' అన్నవు గద. నిలబడనీకి జాగ కావాలె గదాని నడుమల పెట్టిన."

ఖుష్బూ స్కూటరును చూసింది, బిందెలను చూసింది, గడియారాన్ని చూసింది. నాలుక చివరికి మళ్ళీ ఒక తియ్యటి మాట వచ్చేసింది.

"మస్తున్నది చాచీ. దేనికదే కమాల్. ఒక్కటే... వచ్చేటోళ్లకు జెర అలవాటు లేకపోవచ్చు. గింత వైభోగం ఒక్కసారి చూస్తే ఏం సమజ్ గాక ఆగం అయితరేమో..."

"కానీ! ఆగం కానీ!" అంది లీలమ్మ సంబరంగా.

మూలన కూర్చుని ఫోను చూసుకుంటున్న భాగ్యశ్రీ ఇక ఆగలేకపోయింది. లీలమ్మ కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం, ఓపిక తక్కువ.

"అమ్మా! ఆమె గివన్నీ తియ్యమంటున్నదే! ఆదివారం కెళ్లి గదే అంటున్నది. నీకు సమజ్ కాలె!"

వంటింట్లో కుక్కరు ఒక విజిల్ వేసి ఊరుకుంది.

లీలమ్మ పీట మీద కూర్చుంది. చేతికందిన ఒక చెంబు తీసుకుని, మెరుస్తున్న దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఖుష్బూ వైపు చూడలేదు. కూతురి వైపూ చూడలేదు. అరిస్తే బాగుండు అనిపించే రకం మౌనం అది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మౌనం ఎంత ఖరీదైనదో రాజన్నకు బాగా తెలుసు. అందుకే ఆయన మెల్లగా స్కూటరు వెనక్కి జరిగాడు.

"అమ్మా, గట్ల కాదు..." అంది భాగ్యశ్రీ.

"నువ్వు ఊకో."

చెంబు తుడవడం అయింది. ఇంకో చెంబు తీసుకుంది.

"ఖుష్బూ."

"చెప్పున్రి చాచీ."

"నా సామాన్లు బాగలేవా?"

"అయ్యో, మస్తున్నయి చాచీ, గందుకే..."

"మల్ల గదే!" చెంబు నేలకు ఖణేల్మని తగిలింది. "మంచిగున్నయి, మంచిగున్నయి అనుకుంటనే నన్ను రెండు దినాలు తోమిపిచ్చినవ్. నీ ఆఫీసుల నేర్పిన తీపి నా కాడ వద్దు. చెడ్డగైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పు. నాకు పని కావాలె బిడ్డా. శుక్రవారం దాంకనే టైం ఉన్నది నాకు."

ఆ శుక్రవారం సంగతి సందులో అందరికీ తెలుసు. లీలమ్మ చెల్లెలు రాజమణి జల్‌పల్లిలో కిరాయికి ఉంటోంది. ఆ ఇంటి పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. లీలమ్మ తన ఇల్లు అమ్ముకోవడానికి ఈ శుక్రవారం దాకా ఆగుతానని దాని ఓనరు మాటిచ్చాడట. తల్లి లేని ఇంట్లో ఒకరి జడ ఒకరు వేసుకుని పెరిగిన అక్కచెల్లెళ్ళు. పెళ్ళిళ్ళయ్యాక ఒక్క సందులో ఉండలేదు. ఇప్పుడు గోడకు గోడ ఆనుకుని ఉండే యోగం వచ్చింది. వండిన కూర గోడ మీదుగా అందించుకోవాలని లీలమ్మ కోరిక. ఆమె ఇల్లు అమ్ముతున్నది ఆ గోడ పక్కకు చేరడానికే.

ఖుష్బూ ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"గోడ కనబడ్తలేదు చాచీ. కిటికి కనబడ్తలేదు. అసలు ఇల్లే కనబడ్తలేదు. వచ్చినోళ్లు కొనేది ఇల్లు. గా బిందెలు కొనరు. అన్నీ తియ్యాలె. గీ గదిల ఒక్క గిన్నె ఉండొద్దు. మేడ మీది రెండు గదుల్ల గూడ ఏమి ఉండొద్దు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

"స్కూటరు?" అని వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"స్కూటరు గూడ చాచా."

"దండ?"

ముందు నవ్వింది లీలమ్మే. పొట్ట పట్టుకుని, పీట మీద నుంచి జారిపోయేంతగా నవ్వింది. "గీ ముక్క ఆదివారం చెప్తే నా భుజాలు మిగులుతుండె గదనే పోరీ!" అంటూ ఖుష్బూ నెత్తి మీద ఒక్కటిచ్చింది. అది దెబ్బో దీవెనో ఖుష్బూకి తెలియలేదు గానీ, కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

ఆ తర్వాత హుస్సేనీ ఆలంలోని ఆ సందు రెండున్నర గంటలపాటు మూతపడిందనే చెప్పాలి. లీలమ్మ గడప నుంచి ఖుష్బూ వాళ్ళ గడప దాకా మనుషులు వరుసగా నిలబడ్డారు. బిందెలు చేతుల మీదుగా రోడ్డు దాటాయి. దారి కోసం హారన్ కొట్టి కొట్టి విసిగిన ఆటోవాలా కిందికి దిగి, అతనూ వరుసలో నిలబడి, "పైలం అన్నా, పైలం!" అంటూ అందరికంటే ఎక్కువ అరిచాడు. స్కూటరును నలుగురు తోశారు. దండ పోకుండా రాజన్న పక్కనే నడిచాడు. ఖుష్బూ వాళ్ళ అమ్మ తన హాలు నిండిపోతుంటే చూసి, "ఇంక మేం ఎక్కడ కూర్చోవాలె? గంగాళంలనా?" అని అడిగింది గానీ, చేతులు చాచడం ఆపలేదు.

సరిగ్గా అప్పుడే రాజమణి జల్‌పల్లి నుంచి వచ్చింది. అక్కకు సాయం చేస్తానని పొద్దునే ఫోను చేసింది. వస్తూనే, "అక్కా, నీతోని ఒక ముచ్చట..." అంది.

"ముచ్చట తర్వాత. పట్టు!" అని లీలమ్మ రాగి కాగు ఒకటి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత రాజమణికి చేతులు ఖాళీ కాలేదు.

మేడ మీది గదులు ఆఖరున ఖాళీ అయ్యాయి. ఆ రెండు గదులూ ఉన్నాయని అందరికీ తెలుసు గానీ, లోపలికి వెళ్ళిన మనిషి లేడు. రాజన్న దాచిన ఇంజను ముక్కలు, టైర్లు, లీలమ్మ పాత ట్రంకు పెట్టెలు తలుపు దాకా పేరుకుపోయి ఉండేవి. అవన్నీ వెళ్ళిపోయాక, భాగ్యశ్రీ రెండు బకెట్ల నీళ్ళు కొట్టింది. దుమ్ము కింద నుంచి షాబాదు బండలు బయటపడ్డాయి. బిగుసుకున్న కిటికీ రెక్కను రాజన్న రెంచితో కొట్టి తెరిచాడు. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఇళ్ళ కప్పుల మీదుగా దూరంగా ఒక మీనారు కొస కనిపించింది.

"బాపూ, గిది మనిల్లేనా?" అంది భాగ్యశ్రీ.

"మనదేనట," అన్నాడు రాజన్న. "కాగితాల మీద గట్లనే ఉన్నది."

అక్కచెల్లెళ్ళిద్దరూ తడి ఆరని బండల మీద వెల్లకిలా పడుకున్నారు. నడుములు నొప్పి, చేతులు మసి, జుట్టు నిండా బూజు. లీలమ్మ మాత్రం హాయిగా ఉంది. "శుక్రవారం తర్వాత రోజూ గిట్లనే పండుకుందమే రాజీ. మధ్యల గోడ ఉంటది, గంతే." రాజమణి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అలసిపోయిందనుకుంది లీలమ్మ.

నాలుగైంది. వాళ్ళు వచ్చారు.

తబ్రేజ్‌కు చార్మినార్ దగ్గర లక్కగాజుల దుకాణం ఉంది. నడిచి వెళ్ళేంత దూరంలో సొంతిల్లు కావాలని అతని తాపత్రయం. గడప దాటగానే అతని మొహం విచ్చుకుంది. కానీ ఇల్లు కొనేదీ మానేదీ అతను కాదని, వెనక వచ్చిన తల్లి మహబూబున్నీసాను చూడగానే అందరికీ తెలిసిపోయింది. ఆమె మాట్లాడకుండా కిందంతా తిరిగింది. మాట్లాడకుండా మేడ ఎక్కి దిగింది. గోడ మీద వేలితో కొట్టి చూసింది. ముందుగదిలో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీని అక్కడ, కిటికీ పక్కన, కొలిచి పెట్టింది ఖుష్బూయే.

"ఎన్ని రోజులైంది ఇల్లు ఖాళీ చేసి?" అని అడిగింది.

"ఖాళీ ఏడ చేసినం? ఈడ్నే ఉంటున్నం," అన్నాడు రాజన్న.

"ఉంటున్నరా? మరి సామాన్లేవి? మనుషులు బతికే ఇల్లు గిట్లుంటదా?" ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "సచ్ చెప్పున్రి. కోర్టు లొల్లి ఏమన్న ఉందా? ఎవరన్న వచ్చి తీస్కపోయిన్రా? ఒక్క చెంబు లేని ఇంట్ల బర్కత్ ఎక్కడుంటది, సిరి ఎట్ల నిలుస్తది? తబ్రేజ్, చల్, పోదాం."

ఖుష్బూకు ఆఫీసులో నేర్పినదంతా కొత్త ఫ్లాట్లు కొనే కుర్రాళ్ళ కోసం. పాతబస్తీలో పుట్టి పెరిగిన పెద్దావిడకు బోసి గోడ కనిపిస్తే ఏమనుకుంటుందో ఎవరూ నేర్పలేదు. అదే సందులో పుట్టి కూడా తనకు తోచలేదు. "ఖాలా, గిప్పుడు విశాలంగ కనబడాలెనని జెర..." అని తియ్యగా మొదలుపెట్టింది.

లీలమ్మ ఆమెను పక్కకు జరిపింది.

"ఆపా, నా సామాన్లు ఎదురింట్ల ఉన్నయి. మీరు వస్తున్నరని దాచినం. గీ పిల్ల చెప్పింది, నేను చేసిన. రాన్రి, చూపిస్త."

అడిగేదాకా ఆగలేదు. మహబూబున్నీసా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఖుష్బూ వాళ్ళ హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. గడప మీదే నిలబడి మహబూబున్నీసా చూసింది. బిందెల కొండ, దాని ముందు దండ వేసుకున్న స్కూటరు, ఆ రెంటి మధ్య గంగాళం బోర్లించుకుని దాని మీద కూర్చుని చాయ్ తాగుతున్న ఖుష్బూ వాళ్ళ అమ్మ. ముందు ఆమె పెదవి కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తలుపు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"యా అల్లా! గివన్నీ గా ముందుగదిల పట్టినయా?"

"పట్టినయి ఆపా. తలుపు మాత్రం సగమే తెరుచుకుంటుండె."

"నా కాడ పదకొండు డేగ్‌లున్నయి. మా అత్తగారియి, వాళ్ల అత్తగారియి. యాభై మందికి బిర్యానీ అయ్యేది గూడ ఉన్నది. మా కోడలు రోజూ అమ్మేద్దాం అంటది. పెట్టనీకి గోడ లేదంటది." ఆమె వెనక్కి తిరిగి ఎదురింటి వైపు చూసింది. ఈసారి చూపు మారింది. "లీలమ్మా, గా ముందుగది కుడిచేతి గోడ... ఎంత పొడుగుంటది?"

తిరిగొచ్చి, ఆ గోడను జానలతో కొలిచి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని మహబూబున్నీసా తేల్చేసింది. "ఇల్లు నాకు నచ్చింది. తబ్రేజ్, మాట్లాడు."

రాజన్న ఎగిరి గంతేయలేదు గానీ, మడమలు లేచాయి. భాగ్యశ్రీ ఖుష్బూను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఖాళీ గదిలో ఆ పిల్లల కేకలు గోడలకు తగిలి రెండింతలై తిరిగొచ్చాయి. ఖుష్బూకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె సర్దించగా అమ్ముడుపోతున్న మొదటి ఇల్లు ఇది. ఈ ఇల్లు అమ్ముడుపోతే ఎదురింట్లో లీలమ్మ ఉండదన్న సంగతి ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చింది.

"నోరు తీపి చేస్కోవాలె, ఆగున్రి!" అంటూ లీలమ్మ వంటింట్లోకి పరుగెత్తింది.

వంటింట్లో, పొయ్యి గట్టు పక్కన, రాజమణి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"రాజీ! వాళ్లకు నచ్చిందే! ఇగ శుక్రవారం ఫికర్ లేదు... ఏడుస్తున్నవా? ఏందే?"

"గా ఇల్లు లేదక్కా."

"ఏ ఇల్లు?"

"మా పక్కిల్లు. మొన్ననే ఎవరికో ఇచ్చేసిండు. శుక్రవారం దాంక ఆగుతనన్నోడు ఆగలె. ఫోన్ల చెప్దామనుకున్న. నువ్వు బిందెలు తోముతున్ననని పాటలు పాడబడ్తివి. ఎదురుంగ చెప్దామని వచ్చిన. నువ్వు కాగు చేతిల పెట్టి నవ్వబడ్తివి. నీ నవ్వు చూసి నాకు నోరు రాలేదక్కా."

లీలమ్మ చేతిలో చక్కెర డబ్బా అలాగే ఉండిపోయింది. ముందుగదిలో అందరూ నవ్వుతున్నారు. ఆమెకు చెల్లెల్ని తిట్టాలని ఉంది. ఎలా తిడుతుంది? తనని బాధపెట్టకూడదనే కదా అది కూడా నోరు నొక్కుకుంది.

"అక్కా," అంది రాజమణి, ముక్కు తుడుచుకుంటూ. "తిట్టకు. ఒకటి అడుగుత. మేడ మీద రెండు గదులున్నయి గద. ఇందాక బండల మీద పండుకున్నప్పటి కెళ్లి అదే అనుకుంటున్న. మా ఆయనది కరెంటు పని, ఏడున్నా చేస్కుంటడు. మాకు రెండు గదులు సాలు. గిన్నేండ్లు నువ్వు నా పక్కకు రావాలెననే చూస్తిమి. నేనే నీ మీదికి వస్తే?"

లీలమ్మ పైకప్పు వైపు చూసింది. దాని పైన, తడి ఆరిన బండలు, తెరిచిన కిటికీ. అక్కడ చెల్లెలు. మధ్యలో గోడ కూడా ఉండదు. మెట్లే.

ఆమెకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. రాజమణిని రెండు చేతులా లేపి గుండెకు హత్తుకుంది. "పిచ్చిదానా! గింత మంచి ముచ్చట కడుపుల పెట్టుకోని ఏడుస్తవా?" అంటూ ఆమె నోట్లో గుప్పెడు చక్కెర పోసింది.

చేతిలో డబ్బాతో, కళ్ళల్లో నీళ్ళతో లీలమ్మ ముందుగదిలోకి వచ్చేసరికి తబ్రేజ్, రాజన్న చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. మహబూబున్నీసా కుడి గోడకు ఏ డేగ్ ఎక్కడ పెట్టాలో భాగ్యశ్రీకి వేలితో చూపిస్తోంది.

"ఆపా, తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యున్రి," అంది లీలమ్మ. "ఇల్లు అమ్మం. మా చెల్లె వస్తున్నది."

రాజన్న చెయ్యి తబ్రేజ్ చేతిలోనే ఆగిపోయింది. ఆయన భార్య మొహం చూశాడు, వంటింటి గుమ్మంలో చక్కెర మూతితో నిలబడ్డ మరదల్ని చూశాడు. అంతా అర్థమైనట్టే తలూపాడు గానీ ఏమీ అర్థం కాలేదు.

మహబూబున్నీసా చూపిస్తున్న వేలు మెల్లగా దించింది. కోపం రాలేదు ఆమెకు. కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి, చెంగు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిది. చెల్లెను రానీ. నాకేం అభ్యంతరం లేదు. నా డేగ్‌లకు గోడ దొరికేదాంక నేను మాత్రం గీ కుర్చీల కెళ్లి లేవ."

"అమ్మీ!" అన్నాడు తబ్రేజ్.

"లేవనంటే లేవ."

లీలమ్మ మహబూబున్నీసా వైపు చూసింది. మహబూబున్నీసా లీలమ్మ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి ఖుష్బూ వైపు తిరిగారు.

"నువ్వు జెర చెప్పు బిడ్డా ఆమెకు," అన్నారు ఇద్దరూ.

ఖుష్బూ నోరు తెరిచింది. ఎంత వెతికినా ఒక్క తియ్యటి మాట కూడా దొరకలేదు.